ఉద్దానపు ప్రశ్న - విశ్వవిద్యాలయముల విధి

శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దాన ప్రాంతమునకు హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా మంచినీరు గొనిపోవు 700 కోట్ల రూపాయల పథకమును, పలాసలో 200 పడకల వైద్యశాలతో గూడిన మూత్రపిండ పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. ఏ పక్షమువారి పాలనలో జరిగినను మంచిపని మంచిపనియే. రక్తశుద్ధికై రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము పయనించి విశాఖపట్టణము చేరవలసివచ్చిన కుటుంబములకు ఇంటి చేరువనే వైద్యము దొరకుట ఎంతటి యూరటయో వేరుగ చెప్పనక్కరలేదు. అయినను పాతికేండ్లకు పైబడి ఆ సీమను పీడించుచున్న మూలప్రశ్న తీరక అట్లే నిలిచియున్నది. ఈ వ్యాధి యేల పుట్టుచున్నది? నీటివలననా, నేలవలననా, పనివలననా, పురుగుమందులవలననా, పుట్టుకతో వచ్చిన దౌర్బల్యమువలననా? ఈ ప్రశ్నకు జవాబు వెదకవలసినవా రెవరు?

మా యభిప్రాయమున ఆ బాధ్యత మొట్టమొదట మన ప్రాంతీయ విశ్వవిద్యాలయములది. అందలి ఆచార్యులు, వైద్యులు పలువురు తమంతట తాము శ్రమపడినమాట సత్యమే. కాని వ్యక్తులు శ్రమించుట వేరు, సంస్థ భారము వహించుట వేరు. ఆ భారము వహించుటకు తగిన యేర్పాటును మన ప్రభుత్వములు ఇంతవరకు కల్పింపలేదు. నీటి పథకము వచ్చిన యీ తరుణమున ఆ యేర్పాటు జరుగకున్నచో మరల రాని యవకాశము చేజారిపోవును.

ఉద్యానమను మాటనుండి పుట్టినదని చెప్పుకొను పేరు ఆ సీమకు తగియేయున్నది. తూర్పున సముద్రము, పడమట మహేంద్రగిరి పంక్తులు, నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలోని పల్లెలను చూచినవా రెవ్వరును ఇవి రోగపీడితములని యూహింపజాలరు. పలాస జీడిపప్పు దేశమంతట పేరుగన్నది. అట్టి పచ్చని తోటల నీడలో ఈ వ్యాధి చప్పుడు చేయక మనుష్యులను కబళించుచున్నది.

దీని నడక విచిత్రమైనది. సామాన్యముగ మూత్రపిండములను చెరచునవి మధుమేహము, రక్తపుపోటు. ఇచ్చట రోగులలో అనేకులకు ఆ రెండును లేవు. మూత్రములో మాంసకృత్తులు విశేషముగ పోవుటయు లేదు. పొలములోనో తోటలోనో కష్టపడు మనిషి నడివయసున ఆకలి మందగించినదని, నీరసముగ నున్నదని వైద్యునికడకు పోవును. రక్తము పరీక్షింపగా క్రియాటినిన్ హెచ్చియుండును. అప్పటికే మూత్రపిండముల శక్తి సగమునకు మించి నశించియుండును. 2019, 2020 సంవత్సరములలో ప్రచురితములైన రెండు పరిశీలనలు ఇంచుమించు ఒకే సంగతిని చాటినవి: ఆ సీమలోని పెద్దలలో సుమారు ఐదుగురిలో ఒకరికి మూత్రపిండముల దౌర్బల్యము గలదు. ఇందు మొదటిది విశాఖపట్టణమునందలి ఆంధ్ర వైద్యకళాశాలవారు చేసినది. పరిశోధనకు పరదేశములే దిక్కని తలంచువారు ఈ సంగతిని గమనింతురుగాక!

కారణములుగా చెప్పబడినవానికి కొదవలేదు. బోరుబావుల నీటిలోని సిలికా యని కొందరు, భారలోహములని కొందరు, పురుగుమందులని కొందరు, ఎండలో నీరు త్రాగక చాకిరి చేయుటయని కొందరు, నొప్పి బిళ్ళలను విచ్చలవిడిగ మ్రింగుటయని కొందరు, వంశపారంపర్యమని మరికొందరు వాదించిరి. ఒక్కొక్క వాదమునకు కొంత యాధారము కలదు. ఒక్కటియు రుజువు కాలేదు. శ్రీలంకలోని అనూరాధపురము, పొలన్నరువ ప్రాంతముల రైతులకును, మధ్య అమెరికాలోని నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశముల చెరకుతోటల కూలీలకును ఇట్టి వ్యాధియే సోకుచున్నది. అన్నిటికిని కారణ మొక్కటియేయో, ప్రతి సీమకును వేరువేరో నేటికిని తేలలేదు.

ఇంతమంది పరిశోధకులు చూచినను ఏల తేలలేదని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఇది ఏండ్ల తరబడి లోలోపల పెరుగు వ్యాధి. దీనిని పట్టుకొనుటకు ఏండ్ల తరబడి కనిపెట్టియుండువారు కావలయును. ఆరోగ్యముతో నున్న వేలకొలది మందిని ముందుగ లెక్కవ్రాసి, వారు త్రాగు నీరు, తిను తిండి, చేయు పని, వాడు మందులు నమోదుచేసి, ఏటేట రక్తము పరీక్షించుచు, పది పదునైదేండ్లలో వారిలో ఎవరు రోగులైరి, ఎవరు కాలేదు, వీరికిని వారికిని గల భేదమేమి యని చూచినపుడుగాని కారణము బయటపడదు. ఉద్దానమునకు వచ్చిన బృందములు పెక్కు ఒక ఋతువులో వచ్చి, రక్తమును నీటిని సీసాలలో నింపుకొని, మరియొక ఋతువు రాకమునుపే మరలిపోయినవి. అవి యిచ్చిన విషయము విలువలేనిది కాదు. కాని నదీప్రవాహమును ఒక్క ఛాయాపటమునుబట్టి నిర్ణయింప సాధ్యమా?

ఇప్పుడు గొట్టపునీరు వచ్చినది. తరతరములుగ నేలలోని నీరు త్రాగిన జనులు ఇకమీదట నదీజలము త్రాగుదురు. శాస్త్రదృష్టితో చూచినచో ఇదియొక మహాప్రయోగము. దోషము భూగర్భజలములో నున్నచో, క్రొత్తనీటితో పెరుగు తరమున వ్యాధి తగ్గవలయును. తగ్గకున్నచో దోషము వేరొకచోట నున్నదని గ్రహింపవలయును. ఏ ఊరికి ఏ నెలలో క్రొత్తనీరు చేరినది, ఏ ఇంటివారు దానిని త్రాగుచున్నారు, ఎవరింకను బోరునీటినే వాడుచున్నారు, నాడు వారి మూత్రపిండముల స్థితియేమి, పదేండ్ల పిమ్మట ఏమి - ఈ లెక్క క్రమముగ వ్రాసియుంచినవారికే ఆ ప్రయోగఫలము దక్కును. వ్రాయనిచో 700 కోట్ల వ్యయముతో నీరు వచ్చును గాని జ్ఞానము రాదు. ఇట్టి యవకాశము ఒక సీమకు ఒక్కమారే కలుగును. తొలినాటి స్థితిని తరువాత ఎవ్వరును తిరిగి కొలువజాలరు.

ఈ మాట ఊహాపోహలతో చెప్పుటలేదు. మన దేశచరిత్రయే ఇందుకు సాక్ష్యము. 1937లో షార్టు మున్నగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో, అనగా తరువాత ప్రకాశము జిల్లాలో చేరిన పొదిలి, దర్శి ప్రాంతములలో, నీటిలోని ఫ్లోరైడువలన జనులకు పండ్లు గారకట్టి, వెన్ను బిగిసి, నడుములు వంగిపోవుచున్నవని లోకమునకు వెల్లడించిరి. 1955లో హైదరాబాదు ఉస్మానియా వైద్యకళాశాలకు చెందిన సిద్దీఖీగారు నల్లగొండ జిల్లాలోని అట్టి పీడనే వర్ణించుచు బ్రిటిషు వైద్యపత్రికలో వ్యాసము ప్రకటించిరి. ప్రాంతీయ విశ్వవిద్యాలయపు వైద్యుడు తన పొరుగు జిల్లా బాధను ప్రపంచము ముందుంచిన ఘనకార్యమది. 1970 దశకమున పటికతోను సున్నముతోను నీటిలోని ఫ్లోరైడును తొలగించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పరిశోధనాలయమువారు రూపొందించిరి. ఆ పద్ధతికి నల్లగొండ పేరే పెట్టిరి. నల్లగొండ పేరు ప్రపంచమున ప్రాకినది. నల్లగొండ పల్లెలకు శుద్ధజలము చేరుటకు మాత్రము దశాబ్దములు పట్టినది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథవంటి పథకముల పిమ్మటగాని ఇంటింటికి నదీజలము పోలేదు. కారణము తెలిసిన వ్యాధి విషయమున ఇంత యాలస్యమైనపుడు, కారణమే తెలియనిదాని గతి యేమి?

అదే నల్లగొండ మరియొక పాఠము నేర్పినది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామిగారలు ఫ్లోరైడు ప్రాంతములలో బాలురకు మోకాళ్ళు లోపలికి వంగిపోవు క్రొత్త వైకల్యమును గుర్తించి లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. నాగార్జునసాగరము వచ్చిన పిమ్మట భూమిలో నీటిమట్టము పెరిగి, నేలసారము మారి, జొన్నలోని ధాతువుల పాళ్ళు మారుటయు ఇందులకు తోడై యుండవచ్చునని ఆ సంస్థవారు విచారించిరి. మేలుకొరకు నీటి నడకను మార్చినపుడు ఊహింపని మార్పులు పుట్టవచ్చును. వానిని పట్టుకొనువారు ఆ నేలను విడువక కనిపెట్టియుండువారే.

ఈ సంస్థ కథయు తలచదగినదే. 1918లో మెకారిసన్ దొర కూనూరులో ఒక చిన్నగదిలో బెరిబెరి విచారణగా దీనిని ప్రారంభించెను. 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చినది. అచ్చటి గోపాలన్, శ్రీకంఠయ్యగారలు జొన్నకూడు ముఖ్యాహారమైన దక్కను బీదలలో కనబడు పెల్లాగ్రా వ్యాధికి జొన్నలోని ల్యూసీనునకు గల సంబంధమును 1960లో చర్చించిరి. బీదవాని కంచములో నేమున్నదని ప్రశ్నించుటతోనే ఆ సంస్థకు కీర్తి లభించినది.

పరదేశపు దృష్టాంతము నొకదానిని చూతము. ఐరోపాలో డాన్యూబు నది ఉపనదుల తీరములందు, సెర్బియా, క్రొయేషియా, బల్గేరియా మున్నగు దేశముల పల్లెలలో, ఇట్టిదే యొక మూత్రపిండవ్యాధి 1950 దశకమున వర్ణింపబడినది. ఒక ఊరిలో నుండును, ప్రక్క ఊరిలో నుండదు. నీరని, లోహములని, బూజు పట్టిన ధాన్యమని దశాబ్దములు వాదించిరి. సెర్బియా వైద్యుడు ఇవిచ్ అనునాతడు 1969లోనే, మన ఈశ్వరివేరు జాతికి చెందిన కలుపుమొక్క గింజలు గోధుమలలో కలిసి రొట్టెలద్వారా కడుపులోనికి పోవుచున్నవని సూచించెను. పొలమును ఎరిగిన స్థానికుని మాట అది. పెద్దలు దానిని పట్టించుకొనలేదు. 1993లో బెల్జియమునందు బరువు తగ్గుటకు మూలికలు సేవించిన స్త్రీలకు అట్టి మూత్రపిండనాశమే కలిగి, ఆ మూలికలలో అదే జాతి మొక్క యున్నదని తేలిన పిమ్మట లోకము ఉలికిపడినది. 2007లో అమెరికా, క్రొయేషియా శాస్త్రజ్ఞులు రోగుల కణములలోనే ఆ విషపు జాడలను కనిపెట్టి ఇవిచ్ మాటను నిలబెట్టిరి. నడుమ గడచినవి ముప్పదియెనిమిదేండ్లు. పెరటిచెట్టు మందునకు పనికిరాదను సామెత మన యింట మాత్రమే కాదు, ఐరోపాలోను చెల్లినది కాబోలు!

ఇక మన విశ్వవిద్యాలయముల సంగతి విచారింతము. విశాఖపట్టణములో వైద్యకళాశాల 1923లో వెలసినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడినది. కట్టమంచి రామలింగారెడ్డిగారు, సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉపాధ్యక్షులై దానిని పెంచిరి. వైద్యులు, రసాయనశాస్త్రజ్ఞులు, భూగర్భశాస్త్రజ్ఞులు ఒక్క విద్యాపీఠపు గొడుగు క్రింద నుండిరి. 1986లో బెజవాడలో ఆరోగ్యశాస్త్రముల విశ్వవిద్యాలయము నెలకొల్పి రాష్ట్రములోని వైద్యకళాశాలలనన్నిటిని దాని క్రిందికి మార్చిరి. ప్రవేశములును పరీక్షలును రాష్ట్రమంతట ఒక్క తీరుగ జరుగుటకు ఆ మార్పు తోడ్పడినదనుట న్యాయము. కాని పరిశోధనకు దానివలన కలిగిన నష్టమును లెక్కించినవారు తక్కువ. నేడు ఉద్దానపు నీటిని విడదీసి చూడగల రసాయనశాస్త్రజ్ఞుడు, రాళ్ళను చదువగల భూగర్భశాస్త్రజ్ఞుడు, వంశములను పరిశీలింపగల జన్యుశాస్త్రజ్ఞుడు ఒక విశ్వవిద్యాలయమునకు చెందినవారు. కొద్ది కిలోమీటర్ల దూరముననే రోగిని చూచుచున్న వైద్యుడు 350 కిలోమీటర్ల యవతల నున్న మరియొక విశ్వవిద్యాలయమునకు చెందినవాడు. శ్రీకాకుళములో 2008లో వెలసిన అంబేద్కర్ విశ్వవిద్యాలయము మూడవది. వ్యాధి యొక్కటి, ఏలుబడులు మూడు. రోగి రక్తము ఒకచోట, రోగి త్రాగిన నీరు మరొకచోట, రోగి కథ ఇంకొకచోట నున్నచో సత్య మెట్లు కూడివచ్చును?

మరియొక వింత చూడుడు. స్నాతకోత్తర వైద్యవిద్యార్థి ప్రతియొక్కడును పట్టమునకై సిద్ధాంతవ్యాస మొకటి వ్రాయవలయునను నిబంధన కలదు. వానిలో పెక్కు పరీక్ష దాటినంతనే బీరువాలలో శాశ్వతనిద్ర పొందుచున్నవి. ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్న విషయమును తలకొక దారిన విచారించి విడిచిపెట్టుటకు మారుగ, విశాఖ, శ్రీకాకుళము కళాశాలల విద్యార్థులు పదేండ్లపాటు ఒకరి వెనుక నొకరు ఉద్దానపు లెక్కనే ముందునకు నడపినచో, అధిక వ్యయ మేమియు లేకయే ఎంతటి విషయభాండారము సమకూరును!

ఢిల్లీలోను అమెరికాలోను గొప్ప పరిశోధనాలయములుండగా మన చిన్న కళాశాలల కీ భారమేల యని కొందరందురు. గొప్ప యంత్రములు అచ్చట నున్నవి, కాదనము. వారి సాయమును స్వీకరింపవలసినదే. కాని యంత్రము ప్రశ్నను పుట్టింపదు. ప్రశ్నను పుట్టించువాడు రోగి యింటి భాష నెరిగి, ఏ మాసమున ఏ పని జరుగునో, ఏ బావి నీటిని ఎవరు త్రాగుదురో తెలిసిన స్థానికుడు. మరియు మన మేధను మనము నిలుపుకొననిచో నేమగునో యెల్లాప్రగడ సుబ్బారావుగారి చరిత్ర చెప్పుచున్నది. భీమవరమున పుట్టిన ఆ మహనీయుడు మద్రాసు వైద్యకళాశాలలో చదువుకొనుచు ఖద్దరు ధరించెనను కోపముతో పూర్ణపట్టమునకు బదులు తక్కువ పట్టమిచ్చి పంపిరి. తనను పీడించిన గ్రహణివ్యాధినుండి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సవలన బయటపడినవా డాయన. స్వదేశమున పరిశోధనకు తావు లేక అమెరికాకు పోయి, దేహమునకు శక్తినిచ్చు ఫాస్ఫరసు ద్రవ్యముల గుట్టు విప్పి, ఫోలికామ్లమును సంధించుటకు నాయకత్వము వహించి, 1948లో అచ్చటనే కన్నుమూసెను. ఆయన ప్రయోగశాలనుండి 1947లో వెలువడిన హెట్రజాను మన కోస్తా జిల్లాల బోదకాలు రోగమునకు నేటికిని మందు. మన తీరపు రోగమునకు మన తీరమువాడే మందు కనుగొనెను గాని, అందులకు సముద్రములు దాటవలసివచ్చెను.

కావున మేము కోరున దేమనగా: మొదట, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, ఆరోగ్య విశ్వవిద్యాలయము, అంబేద్కర్ విశ్వవిద్యాలయము మూడును చేరి, పలాస కేంద్రమే నెలవుగ, ఒక్క ఉమ్మడి పీఠము నేర్పరుపవలయును. దానికి పదేండ్లకు తక్కువ గాని యాదాయము శాసనముద్వారా కట్టుబడి యుండవలయును; మంత్రివర్గము మారినపుడెల్ల మారు పరిశోధన పరిశోధన కాదు. రెండవది, క్రొత్తనీటి లెక్కను పల్లెవారీగ, ఇల్లువారీగ నమోదుచేయవలయును. మూడవది, ఆ సీమలో సేకరించిన రక్తమునకు, నీటికి, వివరములకు ఆ పీఠము ధర్మకర్తగ నుండవలయును. బయటివారు దానితో కలిసి పనిచేయవలయునే గాని కొనిపోయి మరచిపోరాదు. నాలుగవది, తేలిన సంగతులను ఏటేట తెలుగులోను, అచ్చటివారు మాటలాడు ఒరియాలోను గ్రామసభలయందు చదివి వినిపింపవలయును. రక్తమిచ్చినవాడు తన రక్తము ఏమి చెప్పెనో వినుటకు హక్కుదారుడు. ఫలితము తెలియక పదిమార్లు సూదిపోటు తిన్న పల్లె పదునొకండవ మారు తలుపు మూసినచో తప్పు పల్లెది కాదు.

ఈ కార్యమున ధనికులకును రైతులకును పాలు కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున శాస్త్రకళాశాల నిలుచుటకు జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్ష రూపాయ లొసగిన సంగతి పెద్దలెరుగుదురు. నేడు ఆలయగోపురములకు, కల్యాణమండపములకు విరాళము లిచ్చు దాతలు ఒక్క పరిశోధకునికి ఐదేండ్ల జీవనభృతి నిచ్చినచో ఆ పుణ్యము దేనికి తక్కువ? తోటల యజమానులు కారణము తేలువరకు వేచియుండ నక్కరలేదు. మిట్టమధ్యాహ్నము కూలీకి నీడయు విశ్రాంతియు నొసగి, చేరువనే మంచినీరుంచుట, వైద్యుని సలహా లేక నొప్పి బిళ్ళలు మ్రింగవలదని చెప్పుట, ఏటికొకమారు రక్తపరీక్షకు పంపుట - ఏ సిద్ధాంతము గెలిచినను ఇవి మేలే చేయును, కీడు చేయవు.

రక్తశుద్ధి యంత్రములను పెంచుకొనుచు పోవుటయే మన విధానమైనచో, ఆ యంత్రముల ముందు వరుస పెరుగుచునే యుండును. ప్రవాహము నెగువన ఎవరు జనులను నీటిలోనికి త్రోయుచున్నారో చూడక, దిగువన వారిని ఒడ్డునకు లాగుటతోనే తృప్తిపడు జాతి అలసిపోవును. ఉద్దానపు తోటలలో నేడు ఆడుకొను బాలుడు నడివయసునకు వచ్చుసరికి ఈ ప్రశ్నకు జవాబు సిద్ధముగ నుండవలయును. అందులకు లెక్కపుస్తకము నేడే తెరువవలయును. ఆ పుస్తకము విశ్వవిద్యాలయముల చేతిలో నుండవలయును. దానిలో ఏమి వ్రాయుచున్నారని అడుగు హక్కును ఆంధ్రప్రజలు విడువరాదు.